రెండు, నాలుగు, ఎనిమిది ఎందుకు లొంగవు?

ఏమర్రా, తలా ఓ కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. ఫోన్లు అవతల పెట్టండి. లెక్క చిన్నదే. 9 ఉందా? దాన్ని 4+5 అని రాయొచ్చు, 2+3+4 అని కూడా రాయొచ్చు. పక్కపక్కనే ఉన్న సంఖ్యల్ని కూడితే 9 వచ్చిందన్నమాట. 15 దగ్గర దారులు ఇంకా ఎక్కువ: 7+8, 4+5+6, 1+2+3+4+5. మరి ఇలా వరుసగా ఉన్న సంఖ్యల్ని, కనీసం రెండిటిని, కూడితే వచ్చే సంఖ్యలేవి? ఎంత తంటాలు పడ్డా రానివేవి? సున్నా వద్దు, రుణ సంఖ్యలు వద్దు. 1, 2, 3 అంటూ మనం వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవే వాడాలి.

ఇంతే ప్రశ్న. కూడిక వచ్చిన ఆరో తరగతి పిల్లవాడు ఇప్పుడే మొదలెట్టేయొచ్చు. పదో తరగతిలో మొదటి ర్యాంకు పిల్ల అయినా దీన్ని నిలబడ్డపాటున తేల్చలేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టార్లకూ, టీచరమ్మలకూ నేను పదేపదే చెప్పేది ఇలాంటి లెక్కల గురించే.

పదో తరగతి పుస్తకంలో శ్రేఢులని ఓ అధ్యాయం ఉంది కదా. మొదటి పదం, సామాన్య భేదం చెప్పి, ఇరవై పదాల మొత్తం ఎంత అంటారు. సూత్రం పై పేజీలోనే ఉంటుంది. అభ్యాసం పేరు చూస్తేనే ఏ సూత్రం వాడాలో తెలిసిపోతుంది. అది విప్పేసి చెప్పిన పొడుపుకథ. అలాంటివి వద్దని కాదు సుమా! ఎక్కాలు రావాలి, చేతికి వేగం రావాలి, దానికి అభ్యాసం చెయ్యాల్సిందే. కానీ ఏ దారిన వెళ్ళాలో తేల్చుకునే పని పిల్లవాడికి ఏడాదిలో ఒక్కసారైనా తగలకపోతే, వాడు నేర్చింది లెక్కలు కాదు, దస్తూరీ.

సరే, మన లెక్కకొద్దాం. తరగతిని నలుగురేసి జట్లుగా కూర్చోబెట్టి, 1 నుంచి 30 దాకా సంఖ్యలు పంచండి. కాసేపటికి ఒక మూల నుంచి కేక వస్తుంది: "బేసి సంఖ్యలన్నీ వస్తున్నాయండీ!" అవును, 7 అంటే 3+4, 21 అంటే 10+11. ఇంకెవరో లేచి, "అయితే సరి సంఖ్యలు రావు" అంటారు. 2 రాలేదు, 4 రాలేదు, 8 రాలేదు. అప్పుడు మాస్టారు చెయ్యాల్సిన పని నోరు మూసుకోవడం. మా పంతుళ్ళ జాతికి ఇంతకంటే కష్టమైన పని లేదు. ఓపిక పడితే పక్క జట్టువాళ్ళే "6 అంటే 1+2+3 కదా, మరి అది?" అని అడ్డుపడతారు. ఆ మాట మాస్టారు అంటే పాఠం. తోటి పిల్లవాడు అంటే పంతం!

తర్వాత మరో జట్టు మూడేసి సంఖ్యలు కూడి చూస్తుంది: 6, 9, 12, 15. అన్నీ మూడు గుణిజాలే. ఐదేసి కూడితే 15, 20, 25, అన్నీ ఐదు గుణిజాలు. ఇంకేం, నాలుగేసి కూడితే నాలుగు గుణిజాలని రాసేసుకుంటారు. కూడి చూస్తే 10, 14, 18, 22! ఒక్కటీ నాలుగుతో పోదు, ప్రతిదానికీ రెండు శేషం. నన్నడిగితే ఈ లెక్క మొత్తంలో బంగారం లాంటి క్షణం ఇదే. మూడుకీ ఐదుకీ నడిచిన బండి నాలుగు దగ్గర ఎందుకు ఆగింది? ఆ 'ఎందుకు' పుట్టిన పిల్లవాడికి ఇక మనం పెద్దగా చెప్పాల్సింది ఉండదు.

చివరికి రానివాటి జాబితా బోర్డు మీద తేలుతుంది: 1, 2, 4, 8, 16. ముప్పై దాటి చూస్తే 32, ఆ పైన 64. ఎవరైనా చెప్పేస్తారు, రెండు రెట్లు చేసుకుంటూ పోతే వచ్చేవని. అయితే అక్కడ చప్పట్లు కొట్టి ఆపేయకండి. ఓ వృత్తం గీసి, దాని మీద చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనీ ప్రతి చుక్కతో గీతలతో కలిపి, లోపల ఎన్ని ముక్కలయ్యాయో లెక్కపెట్టమనండి. రెండు చుక్కలకి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16. ఆరు చుక్కలకి 32 అని తరగతంతా అరుస్తుంది. లెక్కపెడితే 31 మించవు. ఐదారు సార్లు సరిపోయినంత మాత్రాన సూత్రం అయిపోదని ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, ఆ ఒక్క ముక్క తగ్గడమే చెబుతుంది.

మరి మన జాబితాకి రుజువేది? 4+5+6 రాయండి. కింద దాన్నే తిప్పి 6+5+4 రాయండి. నిలువునా కూడితే ప్రతిచోటా 10, మూడు పదులు 30. అంటే మొత్తానికి రెట్టింపు ఎప్పుడూ, ఎన్ని సంఖ్యలున్నాయో దాన్ని, మొదటిదీ చివరిదీ కలిపిన దానితో గుణిస్తే వచ్చేదే. ఇప్పుడు తమాషా చూడండి. సంఖ్యల లెక్క బేసి అయితే మొదటిదీ చివరిదీ రెండూ సరి, లేదా రెండూ బేసి. కలిపితే సరి. సంఖ్యల లెక్క సరి అయితే వాటిలో ఒకటి సరి, ఒకటి బేసి. కలిపితే బేసి. ఎటు తిప్పినా ఆ గుణకారంలో ఒకటి సరి, ఒకటి బేసి. ఆ బేసి 1 కాదు కూడా, ఎందుకంటే కనీసం రెండు సంఖ్యలున్నాయి, మొదటిదీ చివరిదీ కలిపితే 3కి తగ్గదు. కాబట్టి మొత్తంలో ఒకటి కాని బేసి కారణాంకం ఉండి తీరాలి. 16ని ఎంత చీల్చినా రెళ్ళే తప్ప బేసి ఏదీ రాదు. అందుకే లొంగదు.

నాలుగు దగ్గర బండి ఎందుకు ఆగిందో కూడా ఇందులోనే ఉంది, వెతుక్కోండి. పెద్దపిల్లలకి ఇంకో మెట్టు: 45కి బేసి కారణాంకాలు 1, 3, 5, 9, 15, 45, మొత్తం ఆరు. వరుసలుగా రాసే దారులు ఐదు: 22+23, 14+15+16, 7 నుంచి 11 దాకా, 5 నుంచి 10 దాకా, 1 నుంచి 9 దాకా. ఆరుకీ ఐదుకీ ఏమిటి చుట్టరికం?

బుడాపెస్ట్‌లో 1887లో పుట్టి, జ్యూరిక్‌లో పాఠాలు చెప్పి, తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ చేరిన జార్జ్ పోల్యా, 1945లో 'హౌ టు సాల్వ్ ఇట్' అనే పుస్తకం వేశాడు. లెక్కని అర్థం చేసుకో, దారి ఆలోచించు, ఆ దారిన నడు, అయ్యాక వెనక్కి తిరిగి చూడు అన్నాడు. మన బళ్ళలో నాలుగోది ఎప్పుడో ఎగిరిపోయింది. జవాబు కింద రెండు గీతలు గీశామా, తర్వాతి లెక్క! ఇందాకటి చుట్టరికం ప్రశ్న పుట్టేది ఆ నాలుగో మెట్టు మీదే.

"సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు సార్?" అని మీరడగడం న్యాయమే. పరీక్ష తప్పదు, పీరియడ్ చూస్తే ముప్పావుగంట. రోజూ చెయ్యమనడం లేదు, పక్షానికోసారి చాలు. పైగా ఈ ఒక్క లెక్కలో కారణాంకాలు, సరి-బేసి, అంకశ్రేఢి మొత్తం, రుజువు అన్నీ వచ్చేశాయి, విడివిడిగా చెబితే ఎన్ని పీరియడ్లు పట్టేవో. సరుక్కీ కరువు లేదు. నాసిక్ దగ్గర దేవలాలీలో బడిపంతులు కాప్రేకర్‌గారు చూపిన 6174 ఆట ఉంది. అన్నీ ఒకటే కాని నాలుగంకెలు తీసుకుని, పెద్ద నుంచి చిన్నకీ, చిన్న నుంచి పెద్దకీ పేర్చి తీసివేస్తూ పొండి. ఏడు సార్లు మించకుండా 6174కి చేరతారు.

రామానుజన్ సంగతి ఒకటి చెప్పి వదిలేస్తాను. 1914లో కేంబ్రిడ్జిలో ఆయన పెనంలో కూర కలుపుతుంటే, మిత్రుడు మహలనోబిస్ స్ట్రాండ్ పత్రికలోని ఓ చిక్కుప్రశ్న చదివి వినిపించాడు. ఇళ్ళకి 1 నుంచి వరుసగా నంబర్లున్న వీధి. ఒక ఇంటికి ఇటువైపు నంబర్ల మొత్తం, అటువైపు నంబర్ల మొత్తం సమానం. ఇళ్ళు యాభైకి పైన, ఐదువందల లోపు. జవాబు 288 ఇళ్ళ వీధిలో 204వ ఇల్లు. రామానుజన్ కూర కలుపుతూనే, భిన్నం కింద భిన్నంగా సాగే ఓ గొలుసు చెప్పి రాసుకోమన్నాడట. అందులో అలాంటి వీధులన్నీ ఉన్నాయి.

ఆయనంత అక్కర్లేదు మనకి. మన 15ని చూడండి: 1+2+3+4+5 ఒకవైపు, 7+8 ఒకవైపు, మధ్యలో మిగిలింది 6. ఎనిమిది ఇళ్ళ వీధిలో ఆరో ఇల్లు దొరికేసింది. దాని తర్వాతి వీధి యాభై ఇళ్ళ లోపే ఉంది. ఎన్ని ఇళ్ళో, ఎన్నో ఇల్లో మీరే పట్టుకోండి, నేను చెప్పను.