పాలింగెర్ కటలిన్ క్రీడాజీవితం – గోల్‌కీపర్ ప్రతిభను కొలవడంలోని చిక్కు

హంగేరీ దేశీయులు తెలుగువారివలెనే ఇంటిపేరును ముందు, వ్యక్తి పేరును తరువాత రాస్తారు. ఆ పద్ధతిలో పాలింగెర్ కటలిన్‌గా ప్రసిద్ధురాలైన హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్ 1978 డిసెంబరు 6న ఆస్ట్రియా సరిహద్దుకు చేరువలోని మొషొన్‌మద్యారోవార్ పట్టణంలో జన్మించింది. ఆమె క్రీడాజీవితంలో ప్రధాన భాగం ఆ ప్రాంతపు పెద్ద నగరమైన ద్యోర్ క్లబ్బుతో ముడిపడి ఉంది.

హ్యాండ్‌బాల్ గోలు వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. దాడి చేసే క్రీడాకారిణి 6 మీటర్ల గీత వెలుపలి నుండి పైకి ఎగిరి, నేలను తాకేలోపు బంతిని విసరవచ్చు. కనుక బంతి చేతిని వీడిన తరువాత స్పందించడానికి గోల్‌కీపర్‌కు వ్యవధి దాదాపు ఉండదు. విసిరే చేయి, భుజం వంపు, ముందున్న రక్షకులు మూసిన దిశ – వీటిని బట్టి ఆమె ముందుగానే నిర్ణయించుకోవాలి. ఫుట్‌బాల్‌లో ఒక్క గోలు ఇచ్చినా అది వార్త. ఇక్కడ ఇరవై అయిదు గోల్స్ ఇచ్చిన కీపరే ఆనాటి ఉత్తమ క్రీడాకారిణి కావచ్చు. గోలు దిశగా వచ్చిన బంతుల్లో సుమారు మూడో వంతు ఆపడం మంచి ప్రదర్శనగా పరిగణింపబడుతుంది. 40 బంతుల్లో 12 ఆపితే 30 శాతం, 13 ఆపితే 32.5 శాతం. గణాంకాలలో ఈ భేదం స్వల్పమే; కాని ఒక ఫైనల్ ఫలితం ఆ ఒక్క బంతిపైనే ఆధారపడి ఉండవచ్చు.

పాలింగెర్ తరం ఈ సత్యాన్ని రెండు పర్యాయాలు చవిచూసింది. మోచయ్ లయోష్ శిక్షణలోని హంగేరీ జట్టు 2000 సిడ్నీ ఒలింపిక్ ఫైనల్‌లో గణనీయమైన ఆధిక్యం సాధించి కూడా డెన్మార్క్ చేతిలో 27–31 తేడాతో ఓడింది. అదే ఏడాది డిసెంబరులో ఉక్రెయిన్‌పై అదనపు సమయంలో గెలిచి ఐరోపా విజేతగా నిలిచింది. అయితే 2003 ప్రపంచ ఫైనల్ అంతకంటె బాధాకరమైనది. జాగ్రెబ్‌లో ఫ్రాన్స్‌పై ఏడు గోల్స్ ఆధిక్యంలో ఉన్న హంగేరీ క్రమంగా పట్టు కోల్పోయింది. నిర్ణీత సమయం ముగిసిన తరువాత తీసిన 7 మీటర్ల త్రోతో లైలా లెజన్ స్కోరును సమం చేసింది. అదనపు సమయంలో ఫ్రాన్స్ 32–29తో గెలిచింది. ఆ పోటీల ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఫ్రాన్స్ గోల్‌కీపర్ వలెరీ నికొలాకు దక్కడం గమనార్హం.

ఈ ఓటములను హంగేరీ గోల్‌కీపర్లకు ఆపాదించడం సమంజసం కాదు. ఏడు గోల్స్ ఆధిక్యం కరిగిపోవడానికి దాడిలో చేజార్చుకున్న బంతులూ, అలసిన రక్షణశ్రేణీ కారణం కావచ్చు. కాని వాటి పర్యవసానం నమోదయ్యేది మాత్రం గోల్‌కీపర్ ఖాతాలోనే. తరువాతి పతకాలు, 2004 ఐరోపా పోటీల్లో కాంస్యం, 2005 ప్రపంచ పోటీల్లో కాంస్యం, ఇంత చర్చకు నోచుకోలేదు. 2008 బీజింగ్‌లో సెమీఫైనల్‌లో రష్యా చేతిలో 20–22తో ఓడి జట్టు నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. కేవలం 22 గోల్స్ ఇచ్చిన పోటీ అది.

ద్యోర్‌లో గోర్బిత్స్ అనితా వంటి సహచరులతో కలిసి ఆమె పలు జాతీయ టైటిళ్లు గెలుచుకుంది. ఐరోపా ఛాంపియన్స్ లీగ్ మాత్రం ఆ క్లబ్బుకు తొలిసారి 2013లో లభించింది. అప్పటికి పాలింగెర్ ఆట నుండి విరమించింది.