కుడివైపా, ఎడమవైపా?

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు విమానం గాల్లో ఉండేది గంటకు అటూ ఇటూ. అందులో సుమారు మూడో వంతు సేపు కింద కనిపించేది పాత అనంతపురం జిల్లానే. కరువు సీమలో చూడ్డానికేముందని చాలామంది కిటికీ మూసేసి కునుకు తీస్తారు. సరైన సీటు ఎంచుకుంటే చూడదగ్గవి చాలానే ఉన్నాయి.

ముందు దిక్కు తేల్చుకోవాలి. ఈ విమానం దాదాపు దక్షిణంగా పోతుంది కాబట్టి ఎడమచెయ్యి తూర్పు, కుడిచెయ్యి పడమర. ఎయిర్‌బస్ ఏ320లో ఎడమ కిటికీ సీటు ‘ఏ’, కుడి కిటికీది ‘ఎఫ్’. మామూలు దారిలో పోతే ‘ఏ’ వైపు ఎర్రమల కొండలు, పెన్న కోసుకుపోయిన గండికోట లోయ వస్తాయి. ‘ఎఫ్’ వైపు అనంతపురం, ఆ వెనక కళ్యాణదుర్గం, కుందుర్పి, కర్ణాటక సరిహద్దు ఉంటాయి. తిరుగు ప్రయాణంలో అంతా తారుమారు.

కర్నూలు దాటాక నల్లరేగడి తగ్గుతూ ఎర్రనేల మొదలవుతుంది. అక్కడినుంచి చెరువులను గమనించాలి. ఒకవైపు గీత గీసినట్టు కట్ట, రెండోవైపు వంకరటింకర నీటి అంచు, కట్ట కింద సన్నని పచ్చని ఆయకట్టు. వానలు మొహం చాటేసిన ఏడు నీళ్లుండాల్సిన చోట తుమ్మకంపే కనిపిస్తుంది. ఏటికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల ఇది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడమే ఇందుకు ముఖ్య కారణం.

కోటకొండ ఉన్న కుందుర్పి ఈ దారికి దాదాపు 90 కిలోమీటర్ల దూరం. పది కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగంతం లెక్కప్రకారం 350 కిలోమీటర్లు దాటినా, దుమ్ము, తేమ అంత దూరం చూడనివ్వవు. ఆ ప్రాంతాన్ని ఇంకా దగ్గరగా చూడాలంటే బెంగళూరు నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో ‘ఏ’ సీటు మేలు. కుందుర్పికి పొరుగున పావగడలో 13,000 ఎకరాల్లో పరుచుకున్న 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కూడా అటువైపే. రైతుల నుంచి కౌలుకు తీసుకున్న ఆ పొలాలు ఎర్రనేల మధ్య నీలి చతురస్రాల్లా కనిపిస్తాయి.

దిక్కు సరే, రెక్క మాటేమిటి? ఏ320లో సుమారు పదో వరస నుంచి ఇరవయ్యో వరస దాకా కింది దృశ్యానికి రెక్క అడ్డొస్తుంది. వెనక కూర్చుంటే ఇంజిన్ల వేడిగాలికి దృశ్యం అలలాడి ఫొటోలు మసకబారతాయి. అందుకే ముందు వరసలకు గిరాకీ. ఏటీఆర్ విమానానికి రెక్కలు పైన ఉంటాయి. నేల చక్కగా కనిపిస్తుంది, పైగా అది తక్కువ ఎత్తులో ఎగురుతుంది. 2021 మార్చిలో కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి ఇలాంటి విమానాలతో మొదలైన సర్వీసుల్లో బెంగళూరుది ఒకటి.

ఇంకో చిక్కుంది. ఏ320లో కిటికీలు సుమారు 21 అంగుళాలకొకటి, సీట్ల వరసలు 28 నుంచి 30 అంగుళాలకొకటి. రెండూ కలవవు. కిటికీ సీటని డబ్బు కట్టినా కొన్ని వరసల్లో పక్కన గోడే ఉంటుంది. బుక్ చేసేముందు సీట్ల పటం చూసుకోవడం మంచిది.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. పొద్దున హైదరాబాద్ నుంచి వెళ్తే సూర్యుడు ఎడమవైపు ఉంటాడు, కాబట్టి ‘ఎఫ్’ సీటుకు కళ్లు చెదరవు. సాయంత్రం ‘ఏ’ నయం. నైరుతి వానల్లో మేఘాలే ఎక్కువ, ఎండాకాలంలో దుమ్ము. వానలు వెనకబట్టాక వచ్చే నెలలు అన్నిటికన్నా అనువైనవి.

దిగేటప్పుడు మాత్రం ఎంపిక ప్రయాణికుడి చేతిలో ఉండదు. బెంగళూరు రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. గాలిని బట్టి విమానం ఎటు తిరిగితే నందికొండలు అటు కిటికీలోకి వస్తాయి. పెన్న పుట్టేది అక్కడే.