మంచుఖండమున పుప్పొడి సాక్ష్యము

పువ్వు వాడును, చెట్టు కూలి మన్నగును. కాని కంటికానని పుప్పొడి రేణువు కోట్ల ఏండ్లు నిలుచును. దాని పైపొర అంత గట్టిది. ఇసుకను కరగించు ఆమ్లము సైతము దానిని కరగింపజాలదు. శాస్త్రజ్ఞులు ప్రాచీనపు మట్టిని అట్టి ఆమ్లమున కరగించి, మిగిలిన రేణువులను సూక్ష్మదర్శినితో చూచి లెక్కింతురు. రేణువు రూపమును బట్టి చెట్టు జాతియు, జాతులను బట్టి నాటి శీతోష్ణస్థితియు తెలియును.

2010లో ఒక పరిశోధక నౌక అంటార్కిటికాలోని విల్క్స్ లాండ్ చెంత కడలి అడుగును తొలిచినది. అందు సుమారు 5 కోట్ల 20 లక్షల ఏండ్లనాటి తాళజాతి వృక్షముల పుప్పొడియు, మన బూరుగు కుటుంబపు వృక్షముల పుప్పొడియు లభించెను. ఇవి గడ్డకట్టు చలికి ఓర్వలేనివి. చలికోర్చు దక్షిణ బీచ్ చెట్ల పుప్పొడియు అందే కలదు. అవి లోపలి మెట్టలపై పెరిగియుండును. సూర్యుడు కానరాని ధ్రువశీతకాలమున సైతము ఆ తీరమున సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటిగ్రేడుకు మించియుండెనని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

నాడు గాలిలో బొగ్గుపులుసు వాయువు నేటికంటె మిక్కిలి హెచ్చు. నేడు బొగ్గును, నూనెను కాల్చి మనము ఆ వాయువునే పెంచుచున్నాము. అంటార్కిటికా మంచు కరిగిన కొలది సముద్రమట్టము పెరుగును. మన కోస్తా జిల్లాలకును ఆ ముప్పు కలదు.