ఆస్ట్రేలియా తాటిజాతి చెట్లు – అవి చెప్పే కథ



వానాకాలంలో మన హాస్టల్ గేటుకు ఇరువైపులా నాటడానికి కడియం నర్సరీ మొక్కలు వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వాటిలో రెండింటి ఆకులు నక్కతోకలా గుబురుగా ఉన్నాయి. "దీని పేరు ఫాక్స్‌టెయిల్ పామ్. ఆస్ట్రేలియా మొక్క. మిగతాది మీరే చదివి తెలుసుకోండి" అన్నారు వార్డెన్ గారు. అలా మేము తెలుసుకున్న విషయాలను ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుంటున్నాము.

మన తాటి, ఈత, కొబ్బరి, వక్క చెట్లన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబానికి చెందిన జాతులు ఆస్ట్రేలియా గడ్డ మీద సహజంగా పెరిగేవే యాభైకి పైగా ఉన్నాయి. వాటిని చూడాలంటే అక్కడి బొటానికల్ గార్డెన్లకు వెళ్ళాలి. సిడ్నీ నగరంలోని రాయల్ బొటానిక్ గార్డెన్‌ను 1816లో నెలకొల్పారు. దాని డైరెక్టరు చార్లెస్ మూర్ 1862లో అక్కడ తాటిజాతి చెట్లతో ఒక వనాన్నే మొదలుపెట్టారు.

సిడ్నీ ప్రాంతపు సొంత చెట్టు క్యాబేజీ పామ్. దీని ఆకు మన తాటాకులాగే విసనకర్ర ఆకారంలో ఉంటుంది. చెట్టు 25 మీటర్ల దాకా పెరుగుతుంది. లేత మొవ్వును క్యాబేజీలా తినేవారు కనుక ఆ పేరు వచ్చింది. 1788లో ఆంగ్లేయులు సిడ్నీలో దిగినప్పుడు దీని మొద్దులతోనే గుడిసెలు కట్టుకున్నారు, ఆకులతో టోపీలు అల్లుకున్నారు. దాంతో దగ్గరలో ఉన్న చెట్లు త్వరగా తరిగిపోయాయి. వేపకొమ్మ నరికితే మళ్ళీ చిగురిస్తుంది. కానీ ఇలాంటి చెట్టు కాండం పైకి ఎదిగేది మొవ్వు ఒక్కదాని నుంచే. మొవ్వు కోస్తే చెట్టు చనిపోతుంది. మన తాటిచెట్టూ అంతే.

ఇక మన గేటు దగ్గరి మొక్క సంగతి. దీని సొంత ఊరు సిడ్నీకి చాలా ఉత్తరాన, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఉంది. కేప్ యార్క్ ద్వీపకల్పంలోని మెల్విల్ కొండల్లో, నల్లరాతి గుండ్ల మధ్య తప్ప ఇది అడవిలో మరెక్కడా పెరగదు. అదే రాష్ట్రంలోని టౌన్స్‌విల్ పట్టణంలో తాటిజాతి చెట్ల కోసమే పెంచిన పామెటమ్ అనే తోటలో దీనిని చూడవచ్చు. 1983లో ఇర్విన్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి 'వోద్యేటియా' అని శాస్త్రీయ నామం పెట్టారు. వోద్యేటి ఒక ఆదివాసి. ఆ కొండల గురించి తరతరాల జ్ఞానం కలిగిన చివరి మనిషి ఆయనేనని చెబుతారు. 1978లో ఆయన మరణించారు. పేరు మిగిలింది గానీ ఆయనతోపాటు ఎంత జ్ఞానం పోయిందో ఆలోచించండి! 1990ల మొదట్లో ఈ చెట్టు గింజలను అడవి నుంచి దొంగతనంగా తరలించారు కూడా. నేడు ఇది ఎన్నో దేశాల నర్సరీలలో దొరుకుతోంది.

తోటల బయటి సంగతి ఒకటి కూడా చెప్పాలి. ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఎడారి ప్రాంతంలో పామ్ వ్యాలీ అనే లోయ ఉంది. అక్కడ ఎర్ర క్యాబేజీ పామ్‌లు పెరుగుతాయి. వాటి దగ్గరి బంధువులు ఉత్తరాన దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. మరి ఇక్కడికి ఎలా వచ్చాయి? గింజలను ఉత్తరాది దేవతలు తెచ్చారని ఆదివాసులు చెప్పిన కథను 1894లో ఒక జర్మన్ మిషనరీ రాసిపెట్టుకున్నాడు. 2012లో శాస్త్రజ్ఞులు జన్యువులను పరిశీలించి, ఈ చెట్లు వేల ఏళ్ళ క్రితం ఉత్తరం నుంచే వచ్చాయని, బహుశా మనుషులే తెచ్చి ఉంటారని చెప్పారు. చదువు రాని వారి కథ అని కొట్టిపారేస్తే ఎంత పొరపాటు!

మన ఊళ్ళలో కూడా ఇలాంటి జ్ఞానం ఉంది. ఏది పోతుతాడో, ఏది పండుతాడో గీత కార్మికుడు చెట్టును చూసి చెప్పగలడు. ఏ ఆకు దేనికి పనికివస్తుందో మన అమ్మమ్మలకు, నానమ్మలకు తెలుసు. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకుపోయి, వారు చెప్పింది రాసుకురండి. చెప్పినవారి పేరు కూడా తప్పక రాయండి.

గేటు దగ్గరి మొక్కలకు మేము చిన్న బోర్డు కట్టాము. దాని మీద చెట్టు పేరుతోపాటు వోద్యేటి పేరు కూడా రాశాము. వాటికి రోజూ నీళ్ళు పోసే బాధ్యత మనందరిదీ.