క్యారేజీ మూత తీసి చూడండి

పల్నాడులో సంక్రాంతి దాటాక మిరప కోతలు ఊపందుకుంటాయి. తెల్లవారకముందే ఆటోలు ఊరి సెంటర్లో ఆగుతాయి. ఎక్కే ఆడవాళ్ల చేతుల్లో క్యారేజీలు: ఒక గిన్నెలో అన్నం, ఇంకో గిన్నెలో పండుమిరప పచ్చడో గోంగూరో. వాళ్లలో షుగరు, బీపీ రెండూ ఉన్నవాళ్లుంటారు. ఉప్పు తగ్గించు, అన్నం తగ్గించు, రోజూ అరగంట నడువు అని ఆస్పత్రిలో చెప్పి పంపుతారు. పొద్దస్తమానం సాళ్ల వెంట వంగి కాయ కోసే మనిషికి ఆ నడక ఎందుకో ఎవరూ విడమరచరు. మరుసటి నెల పరీక్షలో అంకె పెరిగితే మాత్రం తప్పంతా ఆమెదే అవుతుంది. ఇది అన్యాయం.

జబ్బు మీద జబ్బు చేరినప్పుడు చిక్కు ఇంకా ముదురుతుంది. షుగరుకు మంచివని ఆకుకూరలు, పప్పు తినమంటారు. కిడ్నీ దెబ్బతిన్నాక పొటాషియం పెరిగితే అవే ఆకుకూరలకు, కొబ్బరినీళ్లకు కళ్లెం వేస్తారు, పప్పుకూ కొలత పెడతారు. బీపీకి మంచిదని కొనే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం క్లోరైడ్ కలుస్తుంది. కిడ్నీలు సరిగా పనిచేయని మనిషికి అది గుండెకే ముప్పు తేవచ్చు. రెండు జబ్బులకూ రాసిచ్చిన చీటీలను పక్కపక్కన పెట్టి ఏది ముందో తేల్చే బాధ్యత చివరికి వంటింట్లో ఉన్నామె మీద పడుతోంది.

ప్రకాశం మెట్టలో దీనికి నీళ్లూ తోడయ్యాయి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి వంటి తాలూకాలు 1970లో కొత్త జిల్లాలోకి వచ్చినా, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వాటి వెంటే వచ్చింది. కీళ్లు బిగుసుకుపోతాయి, నడుము లేవదు, కూలి పోకూడదు. అందుకని మందుల షాపులో నొప్పి బిళ్ల కొని మింగుతారు. ఏళ్ల తరబడి వాడితే, అందులోనూ బీపీ, షుగరు ఉన్నవాళ్లకు, ఆ బిళ్ల కిడ్నీలను దెబ్బతీయవచ్చు. తాగే నీళ్లు మార్చకుండా బిళ్ల మానెయ్ అంటే ఆమె ఏం చేస్తుంది?

అలవాట్లు మారవని కాదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం, షుగరు అంచున ఉన్నవాళ్ల తిండినీ కదలికనూ మార్పించి మూడేళ్లు వెంట ఉంది. షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గిందని 2006లో ప్రకటించింది. మెట్‌ఫార్మిన్ బిళ్లతో తగ్గినదీ దాదాపు అంతే. అక్కడ చీటీ రాసి వదిలేయలేదు, మళ్లీ మళ్లీ పలకరించారు. తాగుడు మానలేని వాళ్లతో పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లోనే ఈ దారి చూపాడు: నువ్విది మానాలి అనడం కన్నా, మారాలన్న మాట రోగి నోటే రానివ్వాలని. మన ఏఎన్ఎం నోట అది చాలా తేలిక మాట: "పెద్దమ్మా, వీటిలో నువ్వు ముందు ఏది మార్చుకోగలవు?"

పచ్చడి మానను, మొదటి ముద్దకే సరిపెట్టుకుంటాను అని పెద్దమ్మ అంటే ఒప్పుకోవాలి. మిరప పండించే నేలలో కారంతో పోరు అనవసరం. 2017లో చైనా పరిశోధకులు 606 మందిని పరిశీలిస్తే, కారం ఇష్టపడేవాళ్లు ఉప్పు తక్కువ తింటున్నట్టు తేలింది. కానీ మన దగ్గర కారం పచ్చడిగా వస్తుంది, పచ్చడి ఉప్పులో ఊరుతుంది. కడుపులో పుండు లేనివాళ్లు కూరలో కారం ఉంచుకుని ఉప్పు తగ్గించవచ్చు. రోజుకు 5 గ్రాములలోపే అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు.

2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట మండలం లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలైంది. పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంలో నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్న ఆలోచన అది. ఒకే డాక్టరు అదే మనిషిని మళ్లీ మళ్లీ చూడటమే ఇందులో అసలు బలం. అయితే బండి పగలొస్తే కోతల కూలీలు చేలో ఉంటారు. సాయంత్రం రావాలి, లేదా చేను గట్టుకే రావాలి.

కోతల నెలల్లో ఇంకో ప్రమాదముంది. చీకటితో షుగరు బిళ్ల గ్లిమెపిరైడ్ వేసుకుని, అన్నం ఏ పదకొండింటికో తింటే షుగరు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తల తిరుగుడు చూసి ఎండదెబ్బ అనుకుంటారు. బిళ్ల వేళ మార్చాలంటే డాక్టరు ముందు ఆమె అన్నం వేళ అడగాలి. ఆమె కొంగున పంచదార పొట్లం ఉండాలి, అది దేనికో పక్క సాలులో కోసే మనిషికీ తెలిసి ఉండాలి.