కోరిన రంగు కారు

క్రొత్త కారు కొనబోవువారు యంత్రబలమును గూర్చియు, ధరను గూర్చియు పదిమందిని అడిగి తెలిసికొందురు. రంగును మాత్రము కంటికి వదలివేయుదురు. పట్టికలోని ఏడెనిమిది రంగులలో ఏదియు నచ్చనివారు “మేము కోరిన రంగును కర్మాగారమువారే వేసి ఇయ్యరాదా?” అని అడుగుటయు కలదు. అడుగదగిన ప్రశ్నయే. దీనికి సమాధానము అనంతపురపు మెట్టసీమలోనే దొరకును.

పెనుకొండకు సమీపమున ఎర్రమంచివద్ద కియా సంస్థవారి కర్మాగారము 2019 నుండి కార్లను తయారుచేయుచున్నది. ఆనాడు అది అనంతపురము జిల్లా. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా. ఏటికి 3 లక్షల కార్లు చేయగల శక్తితో దానిని నెలకొల్పిరి. ఇట్టి కర్మాగారమునకు పోయి “మా యింటి గడప పసుపు వేసి ఇండు” అని ఒక్కరు కోరినచో, కాదనుట తప్ప వారికి వేరు దారి లేదు. ఏలయనగా కర్మాగారములో రంగు వేయుట గోడకు సున్నము కొట్టుట వంటిది కాదు.

రేకులు అతికి సిద్ధమైన బాడీని మొదట జిడ్డు పోవునట్లు కడుగుదురు. ఫాస్ఫేటు వంటి రసాయనపు పూత పట్టించి మరల మరల కడిగి, పెద్ద తొట్టిలోని పూతద్రవములో నిలువున ముంచి విద్యుత్తును పంపుదురు. అప్పుడు పూతకణములు కుంచె చొరరాని మూలలకు సైతము చేరి అంటుకొనును. తుప్పునుండి కారును కాపాడునది ఈ అడుగుపూతయే. దానిని కొలిమిలో సుమారు 170 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్చిన పిదప నడిమి పూత, దానిపై రంగు, రంగుపై అద్దమువంటి మెరుగుపూత వేయుదురు. అన్నియు కలిసి మిల్లీమీటరులో పదవవంతుకు అటునిటుగా ఉండును. అందులో మనము చూచి మురియు రంగుపొర మరింత పలుచన. మిల్లీమీటరులో నూరవవంతుకు కొంచెము మించును, అంతే.

ఈ రంగును చల్లునవి యంత్రహస్తములు. ఒక్కొక్క రంగునకు వేరు తొట్టి, వేరు గొట్టము. రంగు పేరుకొనకుండ నిరంతరము తిరుగుచుండవలెను. రంగు మార్చునప్పుడెల్ల చిమ్ము యంత్రమును ద్రావకముతో కడుగవలెను గనుక, వీలైనంతవరకు ఒకే రంగు కార్లను వరుసగా పంపుదురు. మరియొక చిక్కు కలదు. బంపరు ప్లాస్టిక్కుది, రేకు తాళునంత వేడికి అది తాళదు. దానికి వేరు పూత, వేరు కొలిమి. రెండును ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు ఒకే వన్నెగా కనబడుటకు ఎంతయో పరీక్ష అవసరము. ఒక్క కారుకొరకు ఇంత శ్రమ పెద్ద కర్మాగారమునకు గిట్టదు. ఫోర్డు సంస్థ తన టి-మోడల్ కారును 1914 మొదలు 1925 వరకు నలుపున మాత్రమే అమ్మినది గదా!

నీటి సంగతి వేరుగా చెప్పవలెను. ఆ కడుగుడులన్నిటికిని లవణములు తీసిన నీరు కావలెను. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు సీమ ఇది. కర్మాగారమునకు నీరు గొల్లపల్లి జలాశయమునుండి, అనగా హంద్రీ-నీవా కాలువద్వారా శ్రీశైలమునుండి ఎత్తిపోసిన కృష్ణానుండి వచ్చుచున్నది. చివరి కడుగుడు నీటిని దాని ముందటి తొట్టికి, అందుండి ఇంకను ముందటి తొట్టికి మరలించి వాడుకొను పద్ధతి ఇట్టి కర్మాగారములలో వాడుకలో ఉన్నది. వేరుసెనగ చేను ఒక్క తడికి ఎదురుచూచు చోట ఈ పొదుపు దయ కాదు, విధి అని మా అభిప్రాయము.

అయినను కోరిన రంగు వేయించుకొనిన వారు మన ప్రాంతమున పూర్వమే కలరు. హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ రోల్స్-రాయిస్ కారు నొకదానిని సింహాసనమువంటి పీఠముతో చేయించుటకు ఉత్తరువిచ్చెను. లండనులోని బార్కర్ సంస్థవారు దాని బాడీని కట్టిరి; రంగు పసుపు, ఆసఫ్‌జాహీల పతాకపు వన్నె. 1911లో ఆయన మరణించుటచే కారు కుమారుని ఏలుబడిలో చేరినది.

నేడు ఆ వసతి ఖరీదైన స్పోర్ట్సు కార్లకు మిగిలినది. జర్మనీలో పోర్షె సంస్థవారు అదనపు రుసుముపై తమ పాత రంగుల నుండి కోరినదానిని వేయుదురు. మరికొంత రుసుము చెల్లించి రుమాలో, గుడ్డపీలికయో పంపినచో, సాధ్యాసాధ్యములు పరీక్షించి ఆ వన్నెనే కలుపుదురు. పరీక్షలో నెగ్గని రంగును నిరాకరింతురు. నెగ్గినను నెలల తరబడి వేచియుండవలెను. బాడీ రంగుశాలలో ప్రవేశించిన పిదప మనసు మార్చుకొన వీలు లేదు.

కావున నమూనా పలకను విక్రయశాల దీపములక్రింద చూచి ఒప్పుకొనరాదు. ఇంటికి తెచ్చి మన మిట్టమధ్యాహ్నపు ఎండలోను, సంజవేళను చూడవలెను. దీపముక్రింద ఒకటిగా తోచిన రెండు వన్నెలు ఎండలో వేరగుట కద్దు. ముదురు రంగు ఎండను త్రాగును. లవణములు మెండుగా ఉన్న బోరునీటితో కడిగి ఆరనిచ్చిన చోటనెల్ల దానిపై తెల్లని మచ్చలు తేలును. 2021లో కియావారు సెల్టోస్ ఎక్స్-లైనుకు వేసిన మెరుగులేని గ్రాఫైటు వన్నె వంటివానిని పాలిషు పట్టి సరిదిద్దుటయు కుదరదు.

ఇక రంగు సంకేతసంఖ్యను వ్రాయించుకొని, అదే పూత చిన్నడబ్బా నొకదానిని కూడ అడిగి తెచ్చుకొనుట మంచిది. రేపు లారీ ఒరసికొని గీత పడినప్పుడు, పట్టికలోని రంగైనచో ఊరి పెయింటరు తెప్పించి వేయగలడు. మీ ఒక్కరి రంగును అతడు కంటితో చూచి కలుపవలసియుండును. రిజిస్ట్రేషను పత్రములో కారు రంగు వ్రాయబడియుండును గనుక, పిమ్మట మార్పించినచో రవాణా కార్యాలయములో దానిని దిద్దించుకొనవలెను.