శిశు సంరక్షణ కేంద్రములు – అనుమతులు, మన కర్తవ్యము

మేడ్చల్ ప్రాంతమున కర్మాగారములు పెరిగినవి. శామీర్‌పేట చెంత తుర్కపల్లి చుట్టును జీనోమ్ వ్యాలీ వెలసినది. వీనితోపాటు ఉదయముననే పనికి బయలుదేరు తల్లులును పెరిగిరి. వారి పసిపిల్లలను పగలెల్ల కనిపెట్టువారెవరు? బడి విడిచిన పిదప పిల్లలుండుటకు చోటేది? అట్టి కేంద్రములకు అనుమతి నిచ్చువారెవరు? ఈ విషయమును సంగ్రహముగా వివరింప దలచితిమి.

శిశు సంరక్షణ కేంద్రములన్నింటికిని వర్తించు ఒకే అనుమతి చట్టము మన దేశమున లేదు. పిల్లలు ఎచ్చట, ఏ కారణమున ఉన్నారను దానినిబట్టి నిబంధన మారును.

మొదటిది పనిచేయు చోటు. ఆరేండ్లలోపు పిల్లలకు శిశుగృహము ఉండవలెనని 1948 నాటి కర్మాగారముల చట్టము విధించినది. మొదట 50 మందికి మించి స్త్రీలు పనిచేయు చోటులకే పరిమితమైన ఈ నిబంధన, 1976 సవరణతో 30 మందికి మించిన చోటులకు విస్తరించినది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమును సవరించి, 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకును ఈ బాధ్యత నప్పగించిరి. తల్లి దినమునకు నాలుగు పర్యాయములు బిడ్డను చూచి రావచ్చును. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతియందును ఈ నియమము నిలిచినది.

రెండవది ఆశ్రయము. యతీంఖానాలు, అనాథాశ్రమముల వంటివి 2015 నాటి బాలల న్యాయ చట్టము క్రింద నమోదు కావలెను. ఎవరు నడిపినను మినహాయింపు లేదు. నమోదు అయిదేండ్లు చెల్లును. నమోదు చేయింపని నిర్వాహకులకు ఏడాది వరకు కారాగారము గాని, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

మూడవది బడి తరువాతి చదువు. 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములు 50 మందికి మించి విద్యార్థులున్న శిక్షణ కేంద్రములను ఉద్దేశించినవి. 16 ఏండ్లలోపు వారిని చేర్చుకొనరాదని అవి పేర్కొన్నవి.

ఇక పొరుగింటి గదిలో పదిమంది పిల్లలను చూచుకొను స్త్రీ మాట ఏమి? ఆమె గృహము ఈ మూడింటిలో దేనిక్రిందికిని రాదు. చిన్న కార్ఖానాలో పనిచేయు తల్లికి అందుబాటులో నుండునది అట్టి గృహమే. అదియును లేనిచో పెద్దకూతురు బడి మాని తమ్ముని ఎత్తుకొని కూర్చుండును. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు విద్య హక్కని 2009లో చట్టము చేసికొన్న దేశమున ఇది చిన్న నష్టము కాదు.

కావున చట్టము చేరని చోట మన విచారణయే రక్ష. మూడేండ్లలోపు పిల్లలైనచో పదిమందికొకరు, అంతకు పైబడినవారైనచో ఇరువదిమందికొకరు సంరక్షకులుండవలెనని 2018 నాటి కేంద్ర మార్గదర్శకములు తెలుపుచున్నవి. ఇంటింటి కేంద్రమునకును ఈ కొలత మంచిదే. మంచినీరు, మరుగుదొడ్డి, వంటపొయ్యికి దూరము, బిడ్డను తీసికొనిపోవువారి పేర్ల పుస్తకము, ఇవి ఉన్నవో లేవో తల్లిదండ్రులు అడిగి తెలిసికొనవలెను.

చదువుకొన్న మన విద్యార్థులు తమ వీథులలోని తల్లులకు ఈ విషయములు ఉర్దూలోను, తెలుగులోను చెప్పవలెను. కళాశాల సంఘమువారు సాయంకాలమున ఒక గదిని పిల్లల చదువుకై విడిచినచో, ఒక్క అక్కయైనను బడికి తిరిగి వచ్చునని మా విశ్వాసము.